గుంటూరులో మురిగిన ఓటు, ఆక్లాండ్‌లోనూ మురిగిన ఓటు

లోక్‌సభకి దామాషా పద్ధతి (పార్టీకి పడిన ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు) నప్పుతుందా, అలా ఓటేసిన వాళ్ళెవరైనా చెప్పండి అని అడిగారు. నేను వేశాను, న్యూజిలాండ్‌లో. అక్కడ పౌరసత్వం లేకపోయినా శాశ్వత నివాసం వచ్చి, ఏడాది పాటు ఆ దేశంలో ఉంటే ఓటు ఇస్తారు.

మా తాతయ్యది గుంటూరులో ప్రతి ఎన్నికకీ ఒకటే మాట: "గెలిచేవాడికి వెయ్యరా, ఓటు మురగబెట్టుకోకు." ఆయన్ని తప్పుపట్టలేం. లోక్‌సభ ఎన్నికల్లో ఏపీలో 2019లో తెలుగుదేశానికీ, 2024లో వైసీపీకీ పడిన ఓట్లు 40 శాతానికి కాస్త అటూ ఇటూనే. ఉన్న 25 సీట్లలో ఒకరికి 3, ఇంకొకరికి 4. దామాషాలో అయితే చెరో పది వచ్చేవి. తెలంగాణలో 2024లో బీఆర్‌ఎస్‌కి 16 శాతం దాటి పడినా 17లో ఒక్కటీ రాలేదు. మనం స్వీప్ అని టపాకాయలు కాల్చేది దీనికే.

2017లో ఆక్లాండ్‌లో మొదటిసారి వేశాను. వేలికి సిరా లేదు, గుర్తింపు కార్డు చూపించమనలేదు (ఇంటికొచ్చాక కూడా ఓటేసినట్టే అనిపించలేదు). ఒకే కాగితం, రెండు వరసలు. ఎడమవైపు పార్టీలు, కుడివైపు మన నియోజకవర్గం అభ్యర్థులు. చెరోచోట ఒక టిక్కు. సభలో ఎవరికెన్ని సీట్లో తేల్చేది ఎడమవైపు టిక్కు. నియోజకవర్గాల్లో గెలిచినవి పోను తగ్గినవాటిని, పార్టీ ముందే వరసగా ఇచ్చిన పేర్ల జాబితాలోంచి నింపుతారు. 1978లో, 1981లో వరసగా రెండుసార్లు తక్కువ ఓట్లొచ్చిన పార్టీయే గద్దెనెక్కాక జనానికి విసుగొచ్చింది. 1993 రెఫరెండంలో (ప్రజాభిప్రాయ సేకరణలో) మనలాంటి ఆ పాత పద్ధతి వద్దన్నారు.

"మరి మన ఎంపీ అంటూ ఎవరూ ఉండరు కదా" అంటారు. ఉంటారు. మా ఆవిడ వీసా కాగితాల కోసం నేను స్థానిక ఎంపీ ఆఫీసుకీ వెళ్ళాను, అదే పేటలో ఆఫీసు పెట్టుకున్న వేరే పార్టీ జాబితా ఎంపీ దగ్గరికీ వెళ్ళాను. పని రెండోచోట అయింది.

అంతా బాగుందనను. జాబితా సీట్లలో వాటా రావాలంటే అక్కడ పార్టీకి 5 శాతం ఓట్లైనా పడాలి, ఒక నియోజకవర్గమైనా గెలవాలి. 2017లో నేను టిక్కు పెట్టిన పార్టీ ఆ 5 శాతం గీత దాటలేదు, సీటూ గెలవలేదు. అంటే అక్కడా నా ఓటు మురిగింది! తాతయ్య వింటే పడీపడీ నవ్వేవాడు. పైగా 120లో 56 సీట్లతో అందరికంటే ముందున్న పార్టీ ప్రతిపక్షంలో కూర్చుంది. 9 సీట్ల పార్టీ చేతిలో పెద్ద పార్టీల జుట్టు చిక్కింది. ఎటు మొగ్గుతారో చెప్పడానికి దాదాపు నాలుగు వారాలు తీసుకున్నారు.

మన దగ్గర పెట్టాలంటే లెక్క రాష్ట్రం వారీగా కట్టాలి. తెలుగుదేశానికి 2024లో 16 మంది ఎంపీలున్నా దేశం మొత్తం ఓట్లలో వాటా 2 శాతం దగ్గరే. దేశమంతటికీ కలిపి 5 శాతం గీత గీస్తే ప్రాంతీయ పార్టీలు గల్లంతే.

నాకున్న అసలు భయం జాబితా మీద. పేర్ల వరస అధినేత ఇంట్లో ఖరారైతే, బీఫారం కోసం ఇప్పుడు గేటు బయట కాసే పడిగాపులే అప్పుడూ కాయాలి. ఆ వరసని ఓటరు మార్చుకునే వీలు కొన్ని దేశాల్లో ఉంది. అది కూడా పెడతామంటే నేను దామాషా వైపే.