మాల్దీవుల్లో కోర్టుకు తాళం పడితే నా వీసా ఎందుకు ఆగింది?

“దేశం నియంతృత్వంలోకి జారితే పొరుగువారితో ఎందుకు చెడుతుంది? మాల్దీవుల్లో జరిగింది చైనా వల్లే కదా?” అని అడిగారు. కాదంటాను. 2018లో నేను అక్కడి రాజధాని మాలేలో ఒక కంపెనీకి లెక్కలు రాసేవాడిని. (మాల్దీవులంటే నీలం నీళ్లు, ఊయల అనుకునే బంధువులకు ఒక మాట: నా గది కిటికీ తెరిస్తే కనిపించేది ఎదురింటి గోడ.)

ఫిబ్రవరి 1న అక్కడి సుప్రీంకోర్టు ప్రతిపక్ష నాయకులను విడుదల చేయమంది. అధ్యక్షుడు యామీన్ వినలేదు. 5న అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. తెల్లవారేసరికి ప్రధాన న్యాయమూర్తే నిర్బంధంలో ఉన్నారు. మా ఇంటి యజమానురాలు సినిమాలు చూసి హిందీ నేర్చుకున్న పెద్దావిడ. ఆ రాత్రి టీవీ ముందు నుంచి కదలలేదు. మాజీ అధ్యక్షుడు గయూమ్‌నూ పట్టుకెళ్లారని తెలిసి నావైపు తిరిగారు. “ముప్పై ఏళ్లు దేశాన్ని ఏలిన సవతి అన్ననే లోపల వేశాడు. నీ వీసా ఒక లెక్కా, బేటా?” అన్నారు.

అన్నట్టే అయింది. అత్యవసర పరిస్థితిని భారత్ తప్పుపట్టింది. యామీన్ దూతలు చైనా, పాకిస్తాన్, సౌదీ వెళ్లారు, ఢిల్లీకి రాలేదు. తర్వాత మనవాళ్ల పని వీసాలు ఎక్కడివక్కడే ఆగాయి. భారతీయులు దరఖాస్తు చేయవద్దని ఉద్యోగ ప్రకటనల్లోనే రాశారు. మా మేనేజరు “నీ తప్పేమీ లేదు” అంటూనే నా కుర్చీకి మరో దేశం మనిషిని వెతికాడు. ఇదే యామీన్ హయాంలో, 2014 డిసెంబరులో, మాలే నీటిశుద్ధి కర్మాగారంలో మంటలు లేస్తే మంచినీళ్లు మోసుకొచ్చినవి మన విమానాలే!

చైనా డబ్బు అంతకుముందు నుంచీ ఉంది, మనతో రాకపోకలూ సాగాయి. తగువంతా ప్రశ్నించడంతోనే. ఇంట్లోవాళ్లను కొట్టేవాడికి “ఏమిటా గోల?” అని అడిగే పక్కింటివాడే మొదటి శత్రువు, తలుపు వేసుకున్నవాడు ఆప్తుడు. మన చానెళ్లకు ఇది ఎక్కదు, ప్రతిదానికీ చైనా కుట్ర కావాలి. మాలే విమానాశ్రయం కోసం మన జీఎంఆర్ కంపెనీతో చేసుకున్న ఒప్పందాన్ని 2012లో మాల్దీవులు రద్దు చేసినప్పుడూ అదే పాట. ఆ రద్దుకు మధ్యవర్తుల తీర్పు ప్రకారం మాల్దీవులు దాదాపు 27 కోట్ల డాలర్లు చెల్లించుకున్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు.

2018 సెప్టెంబరు ఎన్నికల్లో యామీన్ ఓడాడు, ప్రతిపక్ష అభ్యర్థి సోలిహ్‌కు 58 శాతం ఓట్లు వచ్చాయి. అప్పటికి నేను మస్కట్‌లో ఉన్నాను. వీసాలు కదిలాక పాత కంపెనీ మళ్లీ రమ్మని కబురు పెట్టింది, పాత జీతానికే.