ఆ చెయ్యి ఆగదమ్మా

అమ్మలూ,

ఆత్మరక్షణ క్లాసులో చేరుతున్నావట, మీ అమ్మ చెప్పింది. సంతోషమేసింది, వెంటనే బెంగా పట్టుకుంది. గోళ్లు తీసుకో, చెవులవి ఇంట్లో పెట్టు. ఆ మాత్రం నీకు తెలుసు.

డబ్బు కట్టేముందు ఒకరోజు కూర్చుని, కత్తితో మీదపడితే ఏం చెయ్యాలో ఎలా నేర్పుతున్నారో చూడు. రబ్బరు కత్తివాడు ఒక్క పోటు పొడిచి చెయ్యి చాపి బొమ్మలా నిలబడితే, రెండోవాడు మణికట్టు మెలిపెట్టి లాక్కుంటే, చెప్పులేసుకుని వచ్చెయ్. ఎన్నేళ్లయినా పోని తప్పు ఇదే. నిజంగా పొడిచేవాడు ఒక చేత్తో నీ జడో చున్నీయో పట్టి లాగుతాడు. రెండో చెయ్యి కుట్టుమిషను సూదిలా వస్తూ పోతూనే ఉంటుంది. ఆ మణికట్టు దొరకదు, దొరికినా చెమటకి జారిపోతుంది. నమ్మకపోతే రబ్బరు కత్తి అంచుకి లిప్‌స్టిక్ రాసి, పాత తెల్ల టీషర్టు తొడుక్కుని, కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకుని, పది సెకన్లు ఇష్టమొచ్చినట్టు పొడవమను. తర్వాత గీతలు చూసుకో. ముంజేతుల బయటివైపు ఉంటే కొంత నయం. మెడ, చంక, పొట్ట ఎర్రబడితే ఆ మెలికలు పనికిరానట్టే. ఇంకోటి, క్లాసులో లాక్కున్న కత్తిని మళ్లీ పొడవడానికి వాడి చేతికే ఇస్తారు. వందసార్లు ఇస్తే చేతికి అదే అలవాటవుతుంది! ప్రతిసారీ దూరంగా పారేసి, నువ్వు గుమ్మం దాకా పరుగెత్తాలి.

తప్పించుకునే దారి లేనప్పుడు మాత్రమే రెండు చేతులతో వాడి కత్తిచేతిని మోచేతి దగ్గర వాడి ఒంటికే అదిమి, తోసి, పరుగు. కత్తివాడు 21 అడుగులు దాదాపు 1.5 సెకన్లలో దాటేస్తాడని అమెరికా పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ 1983లోనే రాశాడు. అందుకే మాటలు పెట్టుకోకు, మధ్యలో స్కూటీయో కారో ఉండేలా జరుగు. వాడు పారిపోతే వెంటపడకు. ఆత్మరక్షణ కోసమైనా అవసరానికి మించిన హానికి భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షన్ ఒప్పుకోదు.

బయటపడ్డాక చొక్కా లోపల చెయ్యి పెట్టి ఒళ్లంతా తడుముకుని అరచెయ్యి చూసుకో. కత్తిపోటు చాలాసార్లు గుద్దులాగే అనిపిస్తుంది. రక్తం కారుతుంటే గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి 112కి ఫోన్ చెయ్యి. దిగబడిన కత్తిని మాత్రం పీకకు.

గొలుసు అడిగితే తీసి అటు విసిరి ఇటు పరుగెత్తు. అమ్మమ్మ గొలుసని ఆలోచించకు, పిచ్చిపిల్లా. మీ అమ్మకి నేను చెప్పుకుంటాను.

మీ మామయ్య