విష్‌బోన్ కుర్చీ సీటు తాడు తెగింది: ముడేస్తే సరిపోతుందా?

అడిగింది: 1960ల నాటి ఓక్ సీహెచ్24 (విష్‌బోన్ కుర్చీ మోడల్ పేరు ఇదే). సీటు ముందంచున కాగితం తాడు (కాగితాన్ని పురిపెట్టి చేసిన తాడు) తెగింది, చట్రం కాస్త ఊగుతోంది.

ముడి వద్దు. ఒక పోగు తెగిందంటే పక్కవీ అదే రాపిడి తిన్నవే. డెన్మార్క్ డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1949లో గీసిన ఈ కుర్చీలో అల్లిక ఆగకుండా సాగుతుంది, ఒకచోటి వదులు పక్కకు పాకుతుంది. నులక మంచానికి కాళ్లవైపు బిగించినట్టు బిగించే వీలూ లేదు. ఫొటోలు తీసుకుని మొత్తం కోసేయండి.

తాడు ముట్టుకునే ముందు చెక్క పని పూర్తవ్వాలి. ఊగే కుసులు (ఒక చెక్క రంధ్రంలో దూరి కూర్చునే రెండో చెక్క కొసలు) విప్పి పాత జిగురు మాత్రమే గీకండి, చెక్క అరిగితే కుసి వదులవుతుంది. పాత జిగురు పొర మీద పీవీఏ (తెల్ల చెక్కజిగురు) పోస్తే చెక్కలోకి ఇంకదు, పట్టదు. క్లాంపు వేశాక ఎదురు మూలల కొలతలు రెండూ సమానమో కాదో చూసి 24 గంటలు వదిలేయండి. ఓక్‌ను ఉక్కుపీచుతో తడిగా రుద్దొద్దు. ఓక్‌లో సహజంగా ఉండే టానిన్, ఇనుము కలిసి నల్ల మచ్చలు పడతాయి. సబ్బు పూతో నూనె పూతో ఇప్పుడే వేసి ఆరబెట్టండి; అల్లాక వేస్తే తాడు మరకలవుతుంది.

తాడు సుమారు 3 మి.మీ. మందం, మూడు పురులది. సీటుకు దాదాపు 120 మీటర్లు పడుతుంది, నేనైతే 140 కొంటాను. నీళ్లలో నానబెట్టొద్దు, పురి విడిపోతుంది. మరీ బిరుసుగా ఉంటే పైపైన నీళ్లు చిలకరిస్తే చాలు.

కొత్తవాళ్లు దెబ్బతినేది ముందు మూలల దగ్గరే. సీటు చట్రంలో ముందు పట్టీ (అడ్డచెక్క) వెనకదానికంటే పొడవు. ఉదాహరణకు 8 సెం.మీ. తేడా ఉంటే ఒక్కో ముందు మూలలో 4 సెం.మీ. అదనంగా నింపాలి, అంటే సుమారు 13 పోగులు. ఒక్కో తాడు ముక్కను ఎడమ పక్కపట్టీ లోపల చిన్న మేకుతో బిగించి, రెండు ముందు మూలలూ చుట్టి, కుడి పట్టీ లోపల మేకుతో ఆపాలి. ముందు పట్టీ మీద మిగిలిన ఖాళీ వెనకపట్టీ పొడవుకు సమానమయ్యాకే నాలుగు మూలల చుట్టు మొదలుపెట్టండి. ఈ లెక్క తప్పితే అల్లిక గీతలు వంకరపోతాయి, మధ్యలో సరిదిద్దలేరు.

ప్రతి ఐదారు చుట్లకు చెక్కముక్క ఆనించి సుత్తితో మెల్లగా తట్టి పోగులను దగ్గరకు నెట్టండి. అతుకు ముడులు సీటు అడుగున దాగాలి. పక్కపట్టీలు ముందుగా నిండిపోతాయి. మధ్యలో మిగిలిన ఖాళీని ముందు నుంచి వెనక్కి ఎనిమిది అంకె ఆకారంలో నింపి, చివరి కొసను అడుగున ముడేయండి. పైన వార్నిష్ అక్కర్లేదు, తాడుకు మైనం ముందే పట్టించి ఉంటుంది.