రెండు బ్రాండ్ల పేర్ల మధ్య ఉద్యోగం ఎక్కడుంది?

ప్రశ్న: మాది కావలి. చిన్న బట్టల షాపు ఉంది. మా అబ్బాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. మార్కులు బాగానే వస్తాయి. ఈ మధ్య ఇంజినీరింగ్ వద్దంటున్నాడు. స్ట్రీట్‌వేర్ (కుర్రాళ్లు వేసుకునే టీషర్టులు, జాకెట్లు, షూలు) బ్రాండ్లు పెద్ద ఫ్యాషన్ కంపెనీలతో కలిసి చేసే 'కొలాబ్'లలో పనిచేస్తాడట. నోటుపుస్తకాల నిండా రెండు కంపెనీల పేర్లు, మధ్యలో ఇంటూ గుర్తు. దసరా సెలవులకు వచ్చి, షాపులో ఎర్ర డబ్బా గుర్తు, అందులో సుప్రీమ్ అని అచ్చు వేసున్న టీషర్టులు చూసి, 'ఇవి అమ్మేట్టయితే నేను కౌంటర్లో కూర్చోను' అని గొడవ పెట్టుకున్నాడు. రెండు కంపెనీలు కలిసి ఒక చొక్కా తెస్తే అందులో మావాడికి ఉద్యోగం ఏముంటుంది? ఈఏపీసెట్ రాయకుండా వదిలేయమంటారా? ఒక తండ్రి, కావలి.

జవాబు: ముందు టీషర్టుల సంగతి తేల్చుకుందాం. అందులో మీ అబ్బాయి మాటే రైటు. టోకు వ్యాపారులు అడగకపోయినా కట్టలో కలిపి పంపుతారని తెలుసు. ఒంగోలులో చూసినా, నెల్లూరులో చూసినా అవే వేలాడుతుంటాయి. అయినా వేరే కంపెనీ ట్రేడ్‌మార్కును దొంగతనంగా వేసిన సరుకు అమ్మడం 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం నేరమే. ఉన్న సరుకు వెనక్కి పంపేయండి. మీ అబ్బాయి వెళ్లాలనుకుంటున్న రంగమంతా 'ఈ పేరు ఎవరిది, ఈ డిజైన్ ఎవరిది' అన్న ప్రశ్న మీదే నడుస్తుంది. ఆ పట్టింపు ఈ వయసులోనే ఉండటం నాకు చాలా సంతోషం కలిగించింది.

ఆ ఎర్ర డబ్బా కంపెనీ కథే చూడండి. 1994లో న్యూయార్క్‌లో జేమ్స్ జెబ్బియా అనే ఆయన స్కేట్‌బోర్డు ఆడే కుర్రాళ్ల కోసం తెరిచిన షాపు సుప్రీమ్. 2000లో లూయీ విట్టాన్ అనే ఖరీదైన బ్యాగుల కంపెనీ గుర్తులను పోలిన డిజైన్‌తో స్కేట్‌బోర్డులు తెస్తే, ఆ ఫ్రెంచి కంపెనీ లాయర్లతో నోటీసు పంపించింది. 2017 జనవరిలో పారిస్‌లో జరిగిన లూయీ విట్టాన్ మగవాళ్ల దుస్తుల షోలో, అప్పటి డిజైనర్ కిమ్ జోన్స్ అదే సుప్రీమ్ పేరును లూయీ విట్టాన్ పేరుతో కలిపి ఎర్రటి బ్యాగులు, జాకెట్లు వేదిక ఎక్కించాడు. నోటీసు పంపిన కంపెనీ చేయి కలిపింది. ఎందుకంటే ఆ పదిహేడేళ్లలో సుప్రీమ్ గురువారం గురువారం కాస్తంత కొత్త సరుకు దించుతూ, షాపు తెరవకముందే వచ్చి క్యూలో నిలబడే కుర్రాళ్లను సంపాదించుకుంది. ఎంత డబ్బు పోసినా లూయీ విట్టాన్‌కు ఆ క్యూ దొరకదు. 1854 నుంచి వస్తున్న ఆ పేరూ, ఆ తోలు పనితనమూ సుప్రీమ్‌కు దొరకవు. ఎదుటివారి దగ్గర లేనిది తన దగ్గర ఉంటేనే బేరం కుదురుతుంది. మీ అబ్బాయికి నేను చెప్పదలచుకున్నది కూడా ఇదే: ఆ ఇంటూ గుర్తుకు ఒక పక్కన నిలబడాలంటే ముందు తన దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

న్యూయార్క్‌లోనే హార్లెమ్‌లో డాపర్ డాన్ అని ఒక టైలర్ ఉన్నాడు. 1980లలో పెద్ద బ్రాండ్ల గుర్తులను తోలు మీద అచ్చు వేయించి, పాటగాళ్లకు, బాక్సర్లకు జాకెట్లు కుట్టేవాడు. అనుమతి లేదు కాబట్టి కంపెనీల దాడులు, కేసులు తట్టుకోలేక 1992లో షాపు మూతపడింది. 2017లో గూచీ అనే ఇటలీ ఫ్యాషన్ కంపెనీ తన షోలో చూపించిన ఒక జాకెట్ అచ్చం ఆయన పాత జాకెట్‌లా ఉందని జనం నిలదీశారు. ఆ తర్వాత గూచీ ఆయనతోనే ఒప్పందం చేసుకుని, 2018 నాటికి హార్లెమ్‌లో ఆయనకు కుట్టు స్టూడియో ఏర్పాటు చేసింది. ఆ గుర్తులు ఆయనవి కావు. ఆ కట్టింగు, ఆ భుజాల నిండుదనం మాత్రం ఆయనవే. పాతికేళ్ల తర్వాత కూడా ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది వాటి కోసమే.

ఇక మీ అసలు ప్రశ్న, ఉద్యోగం. కొలాబ్ అనే ఉద్యోగం ఎక్కడా ఉండదు. అది కొన్ని నెలలు నడిచే పని. డిజైనర్ పేరు పైకి వినిపిస్తుంది గానీ, లోపల చేసేవాళ్లు చాలామంది. ఏ బ్రాండ్ పేరు ఎక్కడ, ఎంత సైజులో పడాలి, మిగిలిపోయిన సరుకును ఎవరు అమ్ముకోవాలి, రాయల్టీ ఎంత అని ఒప్పందం రాసే లైసెన్సింగ్ వాళ్లు, లాయర్లు ఒక పక్క. గుడ్డ, దారం, కొలతలు, కుట్టు అన్నీ కాగితం మీద పెట్టి టెక్ ప్యాక్ తయారుచేసేవాళ్లు ఇంకో పక్క. ఫ్యాక్టరీకి, బ్రాండ్‌కు మధ్య తిరుగుతూ శాంపిల్ సరిచూసి, రేటు మాట్లాడి, తేదీకి సరుకు దింపించే మర్చండైజర్ మరొకరు. మన దేశంలో అన్నిటికంటే ఎక్కువ ఉద్యోగాలు ఈ చివరి దాంట్లోనే ఉన్నాయి. మీకు టీషర్టులు ఎక్కడి నుంచి వస్తాయో చూడండి, సగం తిరుప్పూరు నుంచే కదా! అక్కడ విదేశీ ఆర్డర్లన్నీ మర్చండైజర్ల చేతుల మీదుగానే నడుస్తాయి.

మీరు ఎంపీసీ గురించి బెంగపడుతున్నట్టున్నారు, అందుకని అమెరికా డిజైనర్ వర్జిల్ అబ్లో గురించి చెప్పాలి. ఆయన చదివింది సివిల్ ఇంజినీరింగ్, ఆ పైన ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్. తల్లి కుట్టుపని చేసేవారు, ఆయనకు కుట్టడం నేర్పింది ఆవిడే. ఆఫ్-వైట్ అనే స్ట్రీట్‌వేర్ బ్రాండ్ పెట్టి, 2017లో నైకీతో కలిసి పది రకాల షూలు తెచ్చాడు. మీ అబ్బాయిని అడగండి, పదింటి పేర్లూ గడగడా చెబుతాడు. ఆ షూలలో కొత్త అలంకారం పెద్దగా ఏమీ లేదు. లోపల దాగి ఉండే ఫోమ్, కుట్లు బయటికి కనిపించేలా విప్పి కుట్టాడు, తీసి పారేసే ప్లాస్టిక్ ట్యాగును అలాగే వేలాడదీశాడు, పక్కన ఆ షూ పుట్టిన ఊరు, సంవత్సరం అచ్చు వేయించాడు. వస్తువు ఎలా కట్టారో విప్పి చూపించాలన్న ఆలోచన ఇంజినీరుకు రావడంలో ఆశ్చర్యం ఏముంది? మరుసటి ఏడాదే లూయీ విట్టాన్ ఆయన్ను మగవాళ్ల విభాగానికి ఆర్టిస్టిక్ డైరెక్టర్‌గా తీసుకుంది. 2021లో, 41 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయాడు. అందరూ వర్జిల్ అబ్లోలు అవుతారని నేను అనను. లెక్కలు చదివినవాడికి ఈ రంగంలో తలుపులు మూసుకోలేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

మరి మీ అబ్బాయి దగ్గర ఏముంది? నాకు రెండు కనిపిస్తున్నాయి. ఒకటి మీ షాపు. గుడ్డ తాను పన్నా (వెడల్పు) ఎంత, ఏ గుడ్డ ఉతికితే ఎంత కుదించుకుంటుంది, ఏ రంగు దిగుతుంది అన్నది పెద్ద కాలేజీల పిల్లలు కాలేజీలో చేరాక నేర్చుకుంటారు. మీవాడు తలుచుకుంటే ఈ సంక్రాంతి సెలవుల్లోనే నేర్చుకోగలడు. రెండోది మన మగ్గం. వెంకటగిరి ఇప్పుడు తిరుపతి జిల్లాలోకీ, చీరాల బాపట్ల జిల్లాలోకీ పోయినా, ఒకటి పాత నెల్లూరు జిల్లాది, రెండోది పాత ప్రకాశం జిల్లాది. ఇంటికి ఇంత దగ్గర్లో ఇలాంటి నేత ఉండటం ఎంత గొప్ప అవకాశమో మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదని నాకు బాధగా ఉంటుంది. నార్‌బ్లాక్ నార్‌వైట్ అనే మన దేశపు లేబుల్ ముడులు వేసి రంగు అద్దే బాంధనీ పనితోనే మొదట ఫిలా అనే షూల కంపెనీతో, తర్వాత 2025లో నైకీతో కలిసి పనిచేసింది.

అందుకే మీవాడికి ఒక పని ఇవ్వండి. ఒక టీషర్టు, దానికి వెంకటగిరి జామ్‌దానీ గుడ్డతో ఒక జేబు. కాగితం మీద పది నిమిషాల బొమ్మ. గుడ్డ చేతిలోకి వచ్చాక తెలుస్తుంది. టీషర్టు అల్లిన గుడ్డ, సాగుతుంది. వెంకటగిరిది నేసిన సన్న నూలు, సాగదు. రెండూ ఉతకకుండా కుట్టేస్తే మొదటి ఉతుకుకే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ కుదించుకుని జేబు మూలలు పీక్కుపోతాయి. కాబట్టి ముందే ఉతకాలి, వెనక సన్నని అస్తరు వేయాలి, పై రెండు మూలలా గట్టి కుట్టు వేయాలి. ఇంకో చిక్కు ఉంది. జామ్‌దానీలో బుటాను (చిన్న పువ్వులాంటి బొమ్మను) అడ్డదారమైన పేకతో పాటు విడిగా దారం చేత్తో దూర్చి నేస్తారు. మామూలుగా నేసిన చీర తెచ్చి కత్తిరిస్తే కత్తెర బుటా మధ్యలోంచి పోయి దారాలు ఊడొస్తాయి. జేబు ఎక్కడ పడుతుందో నేసేవారికి ముందే చెప్పి, బుటాల మధ్య ఎడం ఆ లెక్కన పెట్టించుకోవాలి. పన్నా 48 అంగుళాలు అనుకుంటే, కుట్టుకు వదిలేదానితో కలిపి ఆరంగుళాల చొప్పున అడ్డంగా ఎనిమిది జేబులు. వంద జేబులకు పదమూడు వరసలు. వాటికి మగ్గం ఎన్ని రోజులు నడవాలి, రోజుకు కూలి ఎంత, ఒక్కో జేబు మీద ఎంత పడింది? ఈ లెక్క సొంతంగా వేసినవాడికి కొలాబ్ అంటే ఏమిటో అర్థమైనట్టే. ఆ టీషర్టు మీద నేసినవారి పేరు వేయాలా వద్దా అని కూడా వాడే తేల్చుకోవాలి. 2021లో మన డిజైనర్ సబ్యసాచి, విదేశీ బట్టల కంపెనీ హెచ్ అండ్ ఎం కలిసి తెచ్చిన బట్టలు చూసి చేతివృత్తుల సంస్థలు అడిగింది ఇదే: మన సంప్రదాయ డిజైన్లు వాడుకుని, చేసేవాళ్లకు పని ఎందుకు ఇవ్వలేదని.

చదువు విషయానికి వద్దాం. నిఫ్ట్ (కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) నోటిఫికేషన్ మామూలుగా ఏడాది చివర్లో వస్తుంది, రాతపరీక్ష కొత్త ఏడాది మొదట్లో ఉంటుంది, కాబట్టి వెబ్‌సైట్ ఈ వారమే చూడమనండి. మీకు దగ్గర్లో చెన్నై, హైదరాబాద్ క్యాంపస్‌లు ఉన్నాయి. డిజైన్ కోర్సులకు ఏ గ్రూపైనా పర్వాలేదు, బొమ్మలు గీసే పరీక్ష, జనరల్ పరీక్ష, తర్వాత చేతికి సామాన్లిచ్చి ఏదైనా చేయమనే సిట్యుయేషన్ టెస్ట్ ఉంటాయి. మీవాడి ధోరణి చూస్తే బీఎఫ్‌టెక్ ఇంకా బాగా కుదురుతుందేమో అనిపిస్తోంది. అది బట్టల తయారీ మీద ఉండే కోర్సు, దానికి ఇంటర్‌లో మ్యాథ్స్ కావాలి. మన రాష్ట్రంలో ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ) కూడా ఉంది, అందులో టెక్స్‌టైల్ డిజైన్ చెబుతారు. షూల మీద మక్కువ ఎక్కువైతే హైదరాబాద్‌లో ఎఫ్‌డీడీఐ (పాదరక్షల డిజైన్ సంస్థ) ఉంది. వెంకటగిరి చేనేత సాంకేతిక సంస్థలో డిప్లొమాకు పదో తరగతి పాసైతే చాలు, ఖర్చు చాలా తక్కువ, నేత నిజంగా నేర్చుకోవాలంటే దాన్ని చిన్నచూపు చూడొద్దు. నిఫ్ట్ ఫీజు మాత్రం నాలుగేళ్లకు పది లక్షలు దాటుతుంది. తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం ఉంటుంది, ఆ కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి. లక్షలు గుంజి మూడు నెలల సర్టిఫికెట్ ఇచ్చే ప్రైవేటు సంస్థల జోలికి మాత్రం పోవద్దు.

ఈఏపీసెట్ మానేయొద్దు. రాయనివ్వండి. నిఫ్ట్ ఈసారి రాకపోతే ఇంజినీరింగ్ చేసి, ఆ తర్వాత నిఫ్ట్‌లో ఫ్యాషన్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌కు వెళ్లొచ్చు, దానికి ఏ డిగ్రీ అయినా చాలు. వాడికి మాత్రం 'ఇది రాకపోతే అది' అని చెప్పకండి. 'రెండూ రాయి, మే నెలలో కూర్చుని మాట్లాడుకుందాం' అనండి. హాస్టల్లో ఉన్న పిల్లాడికి పరీక్షల ముందు ఆ టెన్షన్ వద్దు. జీతం గురించి మీరు అడగకపోయినా చెబుతున్నాను: మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితులకంటే తక్కువే వస్తుంది, పని గంటలు ఎక్కువే ఉంటాయి. అది తెలిసి దిగితే ఇబ్బంది ఉండదు.

తర్వాతెప్పుడైనా సొంత పేరుతో టీషర్టులు వేస్తానంటే, ఆ పేరును ముందు ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీలో వెతికి, బట్టలకు కేటాయించిన 25వ క్లాసులో నమోదు చేయించమనండి. ఒక్క మనిషి ఆన్‌లైన్లో వేసుకుంటే ప్రభుత్వ ఫీజు 4,500 రూపాయలు. ప్రస్తుతానికి జేబు పని మొదలుపెట్టమనండి. కొలతలు, గుడ్డ, కుట్టు, ఖర్చు అన్నీ ఒకే కాగితం మీద రాసి, ఉతకకముందు ఒకటి, ఉతికాక ఒకటి ఫొటో తీసి పంపిస్తే, ఎక్కడ సరిచేయాలో నేను రాసి పంపుతాను.