టెక్ సందేహాలు: అరటికాయకి షుగరెంత?

ప్రశ్న: మా నాన్నగారికి 10 ఏళ్లుగా షుగర్. సూది గుచ్చకుండా ఏఐతో షుగర్ చెప్పే వాచీ ఆన్‌లైన్‌లో 3 వేలకే వస్తోంది. కొనొచ్చా సార్? (గాజువాక)

కొనకండి. అలాంటిదొకటి మా చుట్టాలబ్బాయి మోజుపడి తెప్పించాడు. పోయిన ఆదివారం మా ఆవిడ ఎంవీపీ రైతుబజారులో కొన్న కూర అరటికాయకి దాన్ని కట్టి చూశాను. అరనిమిషం ఆలోచించి షుగర్ 112 అంది. పరగడుపునో, తిన్నాకో మరి!

వాచీ అడుగున మెరిసే పచ్చలైటు రక్తం పోటెత్తడాన్ని పసిగట్టి గుండె వేగం లెక్కకడుతుంది. అంతవరకు సరే. గ్లూకోజును కొలవడం దానివల్ల కాదు. చర్మం గుచ్చకుండా షుగర్ చెప్పే వాచీకి, ఉంగరానికి తాము అనుమతి ఇవ్వలేదని, వాడొద్దని అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది.

నిజంగా కొలిచేది జబ్బకి అతికించే సీజీఎం, అంటే రాత్రీపగలూ షుగర్ కొలుస్తూనే ఉండే సెన్సరు. వెంట్రుకంత తీగ చర్మం కిందికి దిగుతుంది. దాని మీది ఎంజైము, ఎక్కువగా గ్లూకోజ్ ఆక్సిడేజ్, గ్లూకోజుతో కలిసినప్పుడు పుట్టే కొద్దిపాటి కరెంటే మీ ఫోన్లో అంకెగా కనిపిస్తుంది. ఎంజైముతో గ్లూకోజు కొలిచే ఈ ఉపాయం 1962లో అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్ చెప్పిందే. అయితే తీగ ఉండేది రక్తంలో కాదు, కణాల మధ్య ద్రవంలో. అందుకే రీడింగు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. సాఫ్ట్‌వేర్ అసలు పనితనం ఇక్కడుంది: షుగర్ పడిపోతున్న జోరు చూసి, కొన్ని సెన్సర్లలో 20 నిమిషాల ముందే అలారం కొడుతుంది. ఏఐ ఎంత గొప్పదైనా కింద ఆ తీగ ఉండాలి. అరటికాయకి కట్టిన వాచీలో లేనిది అదే.

ప్రశ్న: అమ్మకి సీజీఎం పెట్టించాం. రాత్రి 2 గంటలకి 54 అని ఫోన్ మోగింది. మనిషి బాగానే ఉంది. వేలు గుచ్చితే 118! ఏది నమ్మాలి? (మధురవాడ)

వేలినే. అమ్మగారు ఆ చేతివైపే ఒత్తిగిలి పడుకున్నారేమో అడగండి. సెన్సరు నలిగితే అక్కడికి ద్రవం సరిగా అందక లేని తగ్గుదల చూపిస్తుంది. పక్కకి తిరిగితే కాసేపటికి అదే సర్దుకుంటుంది. అలాగని అలారం ఆపేయకండి. చెమటలు, వణుకు, తికమక ఉంటే గానీ, వేలు గుచ్చే వీలు లేకపోతే గానీ, ముందు పంచదార నీళ్లు పట్టించండి, లెక్కలు తర్వాత. మాత్రల డోసు మాత్రం ఫోన్ చూసి మార్చొద్దు, డాక్టరునే అడగాలి.

ప్రశ్న: మన వైజాగ్ ఉక్కపోతకి సీజీఎం ప్యాచ్ 4 రోజుల్లో ఊడిపోతోంది. (కంచరపాలెం)

స్నానమయ్యాక కొబ్బరినూనె, పౌడరు ఏమీ రాయకుండా, స్పిరిట్‌తో తుడిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే అతికించండి. పైన వేసుకునే టేపు విడిగా దొరుకుతుంది. ఊడినదాన్ని మళ్లీ గుచ్చొద్దు, డబ్బు పోయినట్టే.