టెక్ సందేహాలు: భూఫలకాల అంచు శాటిలైట్ ఫొటోలో కనిపిస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. భూఫలకాల పాఠం చదివి, రెండు ఫలకాలు కలిసే చోటు చూపించమంటున్నాడు. ఫోన్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి హిమాలయాల మీద ఎంత జూమ్ చేసినా కొండలూ మంచే కనిపిస్తున్నాయి. అంతరిక్ష కేంద్రం లైవ్ వీడియోలో ఏమైనా తెలుస్తుందా?
- ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: కనిపిస్తుందండీ, కాకపోతే వెతికే చోటు మార్చాలి. హిమాలయాల్లో నేల ముడతలు పడింది, వాటిని అడవీ మంచూ కప్పేశాయి. అదే ఎడారిలో అయితే చెట్టూచేమా అడ్డుండవు. నేల ఎక్కడ విరిగిందో, ఎటు జరిగిందో పైనుంచే తెలుస్తుంది.

వీలైతే కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకోండి, 2015 నుంచి ఉచితమే. టూల్స్‌లో ఆప్షన్స్‌కి వెళ్లి, త్రీడీ వ్యూలో ఎలివేషన్ ఎగ్జాగరేషన్‌ను 3కి పెంచండి. చిన్న గట్లు కూడా లేచి కనిపిస్తాయి.

ముందు ఎర్ర సముద్రం ఉత్తర కొసకు, జోర్డాన్‌లోని అకాబా దగ్గరికి వెళ్లండి. అక్కడి నుంచి మృత సముద్రం దాకా వాదీ అరబా లోయ స్కేలు పెట్టి గీసినట్టు సాగుతుంది. దానికి తూర్పున అరేబియా ఫలకం. అది పడమటి పక్కతో పోలిస్తే ఉత్తరానికి జరుగుతూ ఇప్పటికి దాదాపు 105 కిలోమీటర్లు పోయింది.

నాకు బాగా నచ్చిన చోటు మాత్రం కాలిఫోర్నియాలోని కారిజో ప్లెయిన్. సెర్చ్‌లో 35.271, -119.827 అని కొట్టండి. ఎండిపోయిన గడ్డినేల మీద వాలస్ క్రీక్ అనే చిన్న వాగు కనిపిస్తుంది. కొండ మీంచి తిన్నగా దిగుతూ వచ్చి, శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ (పసిఫిక్, ఉత్తర అమెరికా ఫలకాల మధ్య నేల విరిగిన గీత) తగలగానే ఠక్కున కుడికి తిరుగుతుంది. ఫాల్ట్ వెంబడే కొంత దూరం పోయి, మళ్లీ ఎడమకు తిరిగి కిందికి దిగుతుంది. వాగు తనంతట తాను మలుపు తీసుకోలేదు, దాని కింది భాగాన్ని పసిఫిక్ ఫలకం పక్కకు లాక్కెళ్లింది. రూలర్ టూల్ ఇచ్చి ఆ పక్కకు జరిగిన దూరాన్ని మీ అబ్బాయితోనే కొలిపించండి. 130 మీటర్లకు అటూ ఇటూగా రావాలి. అంత దూరం జరగడానికి సుమారు 3,700 ఏళ్లు పట్టిందని భూగర్భ శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. అంటే ఏడాదికి మూడున్నర సెంటీమీటర్లు.

ఫలకాల సరిహద్దు గీతల ఫైలు అమెరికా భూగర్భ సర్వే సైట్‌లో దొరుకుతుంది, ఎర్త్‌లో తెరుచుకుంటుంది. ఆ గీతలు ప్రపంచ పటం స్థాయికి గీసినవి. బాగా జూమ్ చేస్తే అసలు ఫాల్ట్‌కు దూరంగా పడొచ్చు, అప్పుడు నేలనే నమ్మండి.

ఇక లైవ్ వీడియో. అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున 90 నిమిషాలకో చుట్టు తిరుగుతుంది. సహారాను ఈ చివర నుంచి ఆ చివరకు దాటడానికి 11 నిమిషాలు చాలు. పైగా ఒక్కో చుట్టులో దాదాపు సగం సేపు కింద చీకటే, కెమెరా కూడా మన చేతిలో ఉండదు. దీనికంటే వ్యోమగాములు తీసిన ఫొటోలు మేలు. నాసా సైట్‌లో ఉచితంగా చూడొచ్చు, ఎర్ర సముద్రం ఉత్తర కొసన ఉన్న ద్వీపకల్పం పేరు, సైనాయ్ అని వెతకండి.

ఏ ఫొటోలోనూ సెంటీమీటర్ల కదలిక కనిపించదు. దానికి రాడార్ కావాలి. ఇస్రో, నాసా కలిసి 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచి పంపిన నైసార్ అనే రాడార్ ఉపగ్రహం ఆ పని కోసమే ఉంది. 12 రోజులకోసారి అదే చోటి మీదుగా వెళ్తుంది, పాత చిత్రాన్నీ కొత్తదాన్నీ పోల్చి నేల ఎంత జరిగిందో తేలుస్తారు. 2005లో ఇథియోపియాలోని అఫార్ ఎడారిలో దాదాపు 60 కిలోమీటర్ల పొడవున నేల విచ్చుకున్నప్పుడు, ఎంత విచ్చుకుందో కొలిచింది ఇలాంటి రాడార్ చిత్రాలతోనే.