పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఐస్‌లాండ్ గాయని లేవే

ప్ర: ఈ అమ్మాయి పేరు (Laufey) లాఫే అనాలా, లేవే అనాలా? పేరు చివర ఉన్న యోన్స్‌డోట్టిర్ ఇంటిపేరా?

జ: లేవే అనండి. ఐస్‌లాండ్ భాషలో రెండు అచ్చుల మధ్య వచ్చే ‘ఎఫ్’ను ‘వ’గా పలుకుతారు. అక్కడివాళ్ల నోట మొదటి అక్షరం ‘లే’కీ ‘లో’కీ మధ్యగా వినిపిస్తుంది, దానికి తెలుగులో అక్షరం లేదు. యోన్స్‌డోట్టిర్ అంటే ‘యోన్ కూతురు’. అది తరతరాలుగా వచ్చే ఇంటిపేరు కాదు, పెళ్లయినా మారదు. ఐస్‌లాండ్‌లో ఎవరినైనా సొంత పేరుతోనే పిలుస్తారు.

ప్ర: ఫోన్ వీడియోలతో రాత్రికి రాత్రే పేరొచ్చిందంటున్నారు. నిజమేనా?

జ: వీడియోలు ఆమెను జనంలోకి తీసుకెళ్లాయి. పాట మాత్రం ఏళ్ల సాధనతో వచ్చింది. 1999లో రేక్యావిక్‌లో పుట్టింది. చైనాకు చెందిన తల్లి ఐస్‌లాండ్ సింఫనీ ఆర్కెస్ట్రా అనే పెద్ద వాద్యబృందంలో వయొలిన్ కళాకారిణి. లేవే చిన్నప్పుడే పియానో, చెల్లో (కూర్చుని వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) నేర్చుకుంది. 15 ఏళ్లకే అదే ఆర్కెస్ట్రాతో చెల్లో సోలో వాయించింది. తర్వాత బోస్టన్‌లోని బర్‌క్లీ సంగీత కళాశాలలో చదివి 2021లో పట్టా తీసుకుంది. తొలి పాట 2020లో, తొలి పూర్తి ఆల్బమ్ 2022లో వచ్చాయి. 2023 నాటి ‘బివిచ్డ్’కు మరుసటి ఏడాది గ్రామీ దక్కింది.

ప్ర: ఆమె ‘ఫ్రమ్ ద స్టార్ట్’ లాంటి పాటలు గిటార్ మీద వాయిస్తే ఆ మెత్తదనం రావడం లేదు. ఎక్కడ తప్పుతున్నాం?

జ: అది బ్రెజిల్‌లో పుట్టిన బోసా నోవా శైలి నడక. స్టీల్ తీగల మీద పిక్‌తో గీరితే రాదు. నైలాన్ తీగలు, ఉత్త వేళ్లు కావాలి. నాలుగు లెక్కల్లో ఒకటికీ మూడుకీ బొటనవేలు బేస్ తీగను (లావుపాటి తీగల్లో ఒకదాన్ని) మీటాలి. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు మూడు తీగల్ని ఒకేసారి లాగాలి, ఎక్కువగా లెక్కకూ లెక్కకూ మధ్యలో. చాలామందికి బొటనవేలు ఆ వేళ్ల వెంట పరుగెత్తుతుంది, లయ చెడేది అక్కడే. ముందు బొటనవేలొక్కటే రెండు నిమిషాలు తడబడకుండా నడవనివ్వండి.

ఇక కార్డ్‌లు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు. మామూలు సి మేజర్ పట్టి, రెండో తీగ (సన్నటి వైపు నుంచి లెక్క) మీది చూపుడువేలు ఎత్తేయండి. అదే సి మేజర్ సెవెన్త్. ఆ ఒక్క వేలు తీయగానే పాటలోని బెంగ వినిపిస్తుంది! డి మైనర్ సెవెన్త్ నాలుగు లెక్కలు, జి సెవెన్త్ నాలుగు, సి మేజర్ సెవెన్త్ ఎనిమిది. ఈ వరసను నిమిషానికి 60 లెక్కలతో మొదలుపెట్టండి. జి సెవెన్త్‌లో ఒకటో తీగను వదిలేస్తే అసలు ఆ సెవెన్త్ స్వరమే పోతుంది, జాగ్రత్త. లాగిన తీగల్ని వెంటనే వేళ్లతో తాకి ఆపాలి. మోగుతూ ఉండనిస్తే అంతా కలగాపులగమవుతుంది. గొంతు పెంచకండి. మైకుకు దగ్గరగా, మాట్లాడినంత మెల్లగా పాడండి.

ప్ర: ఆమెది జాజా, పాపా? ముందు ఏది వినాలి?

జ: స్వరాల అల్లిక జాజ్‌ది. పాతతరం అమెరికన్ జాజ్ గాయకులు ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, చెట్ బేకర్‌ల ప్రభావం స్పష్టం. పాట కట్టుబడి, మాటలు మాత్రం పాప్. గ్రామీ ఇచ్చింది కూడా సంప్రదాయ పాప్ గాత్ర విభాగంలోనే. ముందు ‘బివిచ్డ్’ వినండి. తర్వాత 2023లోనే వచ్చిన ‘ఎ నైట్ ఎట్ ద సింఫనీ’. రేక్యావిక్‌లోని హార్పా సంగీత మందిరంలో ప్రేక్షకుల ముందు రికార్డు చేసిన ఆల్బమ్ అది. వెనక వాయించింది, ఆమె 15 ఏళ్లప్పుడు చెల్లో పట్టుకుని ఎవరి ముందు కూర్చుందో ఆ ఆర్కెస్ట్రాయే.